మూడు పొరల క్యాంపు కత్తి: మొన దగ్గర తప్పిన అర మిల్లీమీటరు

కాచి ముంచాక గట్టిపడిన ఉక్కును ఆకురాయి కరవలేదు. గాజు మీద గీసినట్లు సన్నని చప్పుడుతో జారిపోతుంది. నూనెలో ముంచి తీసిన ప్రతి కత్తికీ మా దుకాణంలో మొదటి పరీక్ష ఇదే. కిందటి ఆగస్టులో ఒక క్యాంపు కత్తి అంచు మీద పిడి వైపు నుంచి ఆకురాయి నడుపుతూ వచ్చాను. ఆరున్నర అంగుళాల దాకా జారింది. మిగిలిన అంగుళంన్నరలో, సరిగ్గా మొన దగ్గర, కరిచింది. సన్నని ఇనుప రజను వేలికి అంటుకుంది. కొలిమి దగ్గరా సాన దగ్గరా గడిపిన పద్దెనిమిది గంటలు ఆ రజనులో పోయాయని అప్పుడే అర్థమైంది.

ఆ కత్తి ఎందుకు తప్పిందో, దాని తర్వాతి కత్తి ఎలా కుదిరిందో వివరంగా రాస్తున్నాను. మూడు పొరల కత్తి చేయబోయేవాళ్లు అతుకు గురించి భయపడతారు. నేనూ భయపడ్డాను. రెండు కత్తుల్లోనూ అతుకు మొదటిసారికే పడింది. కష్టం వచ్చింది వేరే చోట: మధ్య పొర చివరిదాకా మధ్యలోనే నిలవడం దగ్గర.

మా దుకాణం విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఉంది. పగలంతా లారీ కమాన్లు కాచి వంపు పెట్టే పని. కత్తులు ఉదయం వేళ, ఆదివారాలు. మా తాతగారు తెనాలి దగ్గరి ఊళ్లో కొలిమి నడిపేవారు. గొడ్డలి మొత్తం ఉక్కుతో చేయడం ఆయన ఎరుగరు. ఒళ్లంతా మెత్తని ఇనుము, నోటి దగ్గర మాత్రం వేలెడంత ఉక్కు ముక్క పెట్టి కాచి అతికేవారు. ఉక్కు ఖరీదైనది కాబట్టి ఆదా అన్నది ఒక కారణం. దుంగలో దిగబడిన గొడ్డలిని ఎంత ఊపినా విరగకూడదన్నది రెండోది. జపాన్ కత్తుల పనివాళ్లు ‘సాన్ మాయ్’ అనే పద్ధతి, అంటే మూడు పొరలు, ఇదే ఆలోచనకు మరో రూపం. గట్టి ఉక్కును మధ్యలో పెట్టి రెండు పక్కలా మెత్తని ఇనుము కప్పుతారు. నార్వే, స్వీడన్ దేశాల్లో అడవి పనికి వాడే చిన్న కత్తుల్లోనూ ఈ పొరల పద్ధతి చాలాకాలంగా ఉంది.

దుకాణానికి వచ్చేవాళ్లు చాలామంది పొరల గీత కనిపించగానే డమాస్కస్ ఉక్కు అంటారు. అది వేరు, ఇది వేరు. ఆ పేరు రెండు రకాల ఉక్కుకు వాడతారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం లాంటి ఊళ్లలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా వర్తకుల దాకా వెళ్లింది. ఆ ఉక్కులో కనిపించే అలలు గడ్డ చల్లబడేటప్పుడు లోపలే ఏర్పడినవి. రెండు రకాల ఉక్కును మడతలు మడతలుగా అతికి గీతలు తెప్పించేది ఇంకొక పద్ధతి. నేను చేసినది రెండూ కాదు. ఇందులో పొరలు మూడే, ఒక్కో పొరకు ఒక్కో పని ఉంది.

కత్తి అడిగినవారు గుంటూరులో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులు. ఏడాదికి నాలుగైదుసార్లు మారేడుమిల్లి వైపు అడవి అంచు ఊళ్లకు వెళ్లి రెండు మూడు రాత్రులు గుడారంలో ఉంటారు. వంట ఆయనదే, పొయ్యి ఆయనదే.

“మేస్త్రీ గారూ, పొద్దున టమాటా కోయాలి, సాయంత్రం కట్టె చీల్చాలి. రెండు కత్తులు మోయలేకపోతున్నాను” అన్నారు.

“మచ్చుకత్తి సరిపోదా మాస్టారూ?” అని అడిగాను.

ఆయన సంచిలోంచి రెండు కత్తులు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి ఊళ్లో చేయించిన మచ్చుకత్తి. వెదురు నరకడానికి దానికి మించినది లేదు, కానీ వెన్ను మందం, అంచు మొద్దు. దానితో ఉల్లిపాయ కోస్తే చితికిపోతుంది. రెండోది బజారులో కొన్న స్టెయిన్‌లెస్ కత్తి. చూడటానికి చక్కగా ఉంది, కానీ మొనకు రెండు అంగుళాల ఇవతల అంచు అర్ధచంద్రాకారంలో ఊడిపోయింది. ఎండు తుమ్మ కట్టె ముడి మీద కొట్టారట.

ఈ రెండింటి మధ్య ఖాళీనే క్యాంపు కత్తి నింపుతుంది. అమెరికా కత్తుల పనివాళ్ల నుంచి వచ్చిన పేరు ఇది. అలుగు సాధారణంగా ఏడు నుంచి పది అంగుళాలు ఉంటుంది. కొమ్మ నరికేంత బరువు, కూరగాయ తరిగేంత సన్నదనం ఒకే అలుగులో కుదరాలి. కొలతలు వేసుకునే ముందు చట్టం చూసుకున్నాను. ఆయుధ నిబంధనల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు గానీ, 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉన్న అలుగు ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికి, సేద్యానికి, పరిశ్రమకు, శాస్త్ర పరిశోధనకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మినహాయింపు ఉంది కదా అని అంచుల దాకా వెళ్లడం నాకు ఇష్టం లేదు. బస్సులో, రైలులో సంచిలో పెట్టుకుని తిరిగే వస్తువు ఇది. పొడవు 8 అంగుళాలు, వెడల్పు అంగుళంముప్పావు అని ఇద్దరం ఒప్పుకున్నాం.

కమాను పట్టీతో చేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోతుంది. కమాను ఉక్కులో కార్బన్ సుమారు అర శాతం ఉంటుంది. గట్టి దెబ్బలకు తట్టుకుంటుంది, నేను చేసిన పెద్ద కత్తుల్లో ఎక్కువ భాగం అవే. ఒకే ఉక్కుతో శ్రద్ధగా చేసిన కత్తి కన్నా మూడు పొరల కత్తి గొప్పదని నేను అనను. మాస్టారుకు మాత్రం మూడు రోజులు సాన లేకుండా కూరగాయలు కోయగల అంచు కావాలి. అందుకు ఒక శాతం కార్బన్ ఉన్న ఉక్కు నయం. అలాంటి ఉక్కు ఆరు మిల్లీమీటర్ల మందాన మొత్తం గట్టిపడితే, కట్టె చీల్చేటప్పుడు పక్కకు మెలితిరిగిందంటే విరుగుతుందేమోనన్న భయం ఉంటుంది. రెండు పక్కలా ఇనుము ఉంటే ఆ భయం తగ్గుతుంది. ఇంకొక సుఖం కూడా ఉంది. సాన మీద అరగాల్సిన గట్టి ఉక్కు సన్నని పట్టీ మాత్రమే, మిగతాది మెత్తని ఇనుము. అడవిలో అరచేయంత రాయితో కూడా పదును నిలబెట్టుకోవచ్చు.

మధ్య పొరకు ఈఎన్ 31 ఎంచుకున్నాను. బేరింగులు చేసే ఉక్కు ఇది. కార్బన్ ఒక శాతం, క్రోమియం ఒకటి నుంచి ఒకటిన్నర శాతం. ఆటోనగర్‌లో పాత బేరింగులకు కొదవ లేదు, ఉచితంగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అయినా డబ్బు తీసుకుని చేసే పనికి నేను ఇప్పుడు పాత బేరింగు వాడను. లారీ చక్రాల్లో ఉండే శంకు ఆకారపు రోలర్ బేరింగుల్లో చాలావాటికి లోపల మెత్తని ఉక్కు, పైన మాత్రమే కార్బన్ ఎక్కించిన పెంకు ఉంటుంది. నిప్పురవ్వలు చూస్తే పైపెంకు రవ్వలే కనిపించి మోసం చేస్తాయి. ఒక ముక్క కాచి నూనెలో ముంచి, సుత్తితో విరిచి, విరిగిన ముఖం మీద కనిపించే గింజ, అంటే ఉక్కు రేణువులు, చూస్తే గానీ బయటపడదు. లోపలిదాకా ఒకే రకం బూడిద రంగు గింజ, వెల్వెట్ బట్టలా కనిపిస్తే మంచిది. అంచున సన్నని గింజ, లోపల పీచులా సాగి చిరిగినట్లు ఉంటే అది కత్తికి పనికిరాదు. ఈ తలనొప్పి వద్దని ఉక్కు కొట్టులో 25 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ కొన్నాను. అందులో మూడుంపావు అంగుళాల ముక్క కోసి, కొట్టి, 5 మిల్లీమీటర్ల మందం, 40 వెడల్పు, 200 పొడవు ఉన్న పట్టీ చేశాను. పక్క పొరలకు 6 మిల్లీమీటర్ల ఎంఎస్ ఫ్లాట్, అంటే మెత్తని ఇనుప (మైల్డ్ స్టీల్) పట్టీ. మూడూ కలిపితే 17 మిల్లీమీటర్ల మందం.

అతుకు గురించి క్లుప్తంగా చెబుతాను. అతికే ముఖాలు గ్రైండరుతో మెరిసేదాకా తీయాలి, నూనె మరక కూడా ఉండకూడదు. మూడింటినీ పేర్చి చివర్లలో ఆర్క్ వెల్డింగుతో చుక్కలు పెట్టి, పట్టుకోవడానికి ఒక కడ్డీ అతికించాను. ఎర్రగా కాలాక వెలిగారం చల్లాను. వెలిగారం మొదట పొంగి, నీరు పోయాక కరిగి తేనెలా పారుతుంది. ఇనుము మీద పుట్టే పొలుసును తనలో కరిగించుకుని, గాలి తగలకుండా కప్పుతుంది. తర్వాత లేత పసుపు రంగు దాకా కాచాలి. పట్టీ ఒళ్లు కరిగిన వెన్న పూసినట్లు తడిగా మెరిసి, వెలిగారం చిటపట ఉడుకుతుంటే వేళ అయినట్లు. ఈఎన్ 31 అంతకన్నా కాలితే సుత్తి దెబ్బకు బెల్లపు గడ్డలా పొడిపొడి అవుతుంది. మొదటి దెబ్బలు తేలిగ్గా, మధ్య నుంచి అంచులకు వేయాలి. లోపలి వెలిగారం బయటికి పోవాలి కదా. అది నిప్పు చినుకుల్లా చిమ్ముతుంది, ఒంటి మీద నూలు బట్ట తప్ప వేరే బట్ట వద్దు. మూడుసార్లు కాచి మూడుసార్లు కొట్టాం. మా బావమరిది సమ్మెట వేశాడు.

విజయవాడలో ఈ పని చేసేవాళ్లకు ఒక మాట. రేకుల షెడ్డులో పగటి వెలుతురుకు మంట రంగు సరిగా తెలియదు. లేత పసుపు అనుకున్నది చీకట్లో చూస్తే తెలుపుకు దగ్గరగా ఉంటుంది. మేము అతుకు పని తెల్లవారుజామున ఐదుకు మొదలుపెట్టి, ఎండ షెడ్డులోకి రాకముందే ముగిస్తాం.

మొదటి కత్తిని నేను అలవాటైన పద్ధతిలోనే చేశాను. సుత్తితోనే రూపం రావాలి, సానకు పని తక్కువ మిగలాలి. మా ఇంట్లో నేర్పినది అదే, దాని మీద నాకు గౌరవం ఉంది. పట్టీని సాగగొట్టి పిడి దగ్గర 6 మిల్లీమీటర్లకు, మొన దగ్గర 3 మిల్లీమీటర్లకు తెచ్చాను. మొన కూడా సుత్తితోనే తీశాను. అంచు వాలు కూడా సగం దాకా సుత్తితోనే దించాను. చూడటానికి ముచ్చటగా వచ్చింది.

నూనెలో ముంచినప్పుడు మొదటి హెచ్చరిక వచ్చింది. కత్తి మూడు మిల్లీమీటర్లు పక్కకు వంగింది. గట్టిపడేటప్పుడు ఉక్కు కొద్దిగా ఉబ్బుతుంది, మెత్తని ఇనుము ఉబ్బదు. ఉక్కు సరిగ్గా మధ్యలో ఉంటే రెండు పక్కల లాగుడు సమానమై కత్తి తిన్నగా నిలుస్తుంది. ఒక పక్కకు జరిగి ఉంటే వంగుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. అయినా నూనెలో కత్తి ఒరిగిందేమో అనుకుని, వేడి పూర్తిగా దిగకముందే రెండు చెక్కల మధ్య బిగించి తిన్నగా చేశాను. ఆ వంపు చెప్పిన మాట అప్పుడే విని ఉంటే సాన మీద ఐదు గంటలు మిగిలేవి.

ఆకురాయి మొన దగ్గర కరిచాక, ఉక్కు ఎక్కడుందో చూడటానికి కత్తిని మెరుగు పెట్టి ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఆమ్ల ద్రావణంలో ముంచాను. ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే కొట్లలో సర్క్యూట్ బోర్డుల కోసం దొరుకుతుంది. నాలుగు పాళ్ల నీళ్లలో ఒక పాలు కలిపితే చాలు. పది నిమిషాల్లో ఉక్కు నల్లబడింది, ఇనుము లేత బూడిద రంగులో మిగిలింది. కుడి పక్కన నల్లని పట్టీ అంచు నుంచి వేలెడు వెడల్పున పారుతూ మొన దగ్గర ఇంకా పైకి ఎక్కింది. ఎడమ పక్కన అదే పట్టీ సన్నబడుతూ వచ్చి చివరి అంగుళంన్నరలో మాయమైంది. అంటే మొన దగ్గర అంచున ఉన్నది ఉక్కు కాదు, పక్కన కప్పిన ఇనుము. ఎంత సాన పట్టినా ఆ చోట పదును గంటసేపు కూడా నిలవదు.

ఆ కత్తిని అమ్మే ప్రశ్నే లేదు. విరిచి చూడాలనుకున్నాను. మొనకు మూడు అంగుళాల ఇవతల వైసులో బిగించి, పిడి వైపు పొడవాటి పైపు తొడిగి నెమ్మదిగా వంచాను. దాదాపు 40 డిగ్రీల దగ్గర లోపల టిక్కుమని శబ్దం వచ్చింది. కత్తి రెండు ముక్కలు కాలేదు. వెనక్కి లాగితే తిరిగి దాదాపు తిన్నగా వచ్చింది. అంచు నుంచి పైకి ఎక్కిన వెంట్రుకంత పగులు ఇనుము పొర మొదలైన చోట ఆగిపోయింది. తాతగారి గొడ్డలి సూత్రాన్ని కళ్లారా చూసిన రోజు అది. అంతా పోయిందనుకున్న కత్తి ఆ ఒక్క సంగతి గట్టిగా చెప్పింది: అడవిలో ఈ కత్తికి ఎంత కష్టం వచ్చినా మాస్టారు చేతిలో మొండి పిడి మిగలదు.

తర్వాత మొనను అడ్డంగా కోసి, ఆ కోతను మెరుగు పెట్టి, ఆమ్లంలో ముంచి, భూతద్దం కింద వెర్నియర్‌తో కొలిచాను. లెక్క ముందే వేయాల్సింది, అప్పుడు వేశాను.

మొత్తం 17 మిల్లీమీటర్లలో ఉక్కు 5. పట్టీని ఎంత సాగగొట్టినా ఈ పాలు మారదు, మూడు పొరలూ కలిసే సన్నబడతాయి. 6 మిల్లీమీటర్లకు సాగగొడితే ఉక్కు పొర సుమారు 1.8 మిల్లీమీటర్లు. కత్తి అంచు ఉండాల్సింది ఈ 1.8 లోపల ఎక్కడైనా. అంటే ఉక్కు నడిమి గీత అటో ఇటో 0.9 మిల్లీమీటర్ల దాకా తప్పినా అంచు ఉక్కులోనే ఉంటుంది. పిడి దగ్గర నా ఉక్కు అర మిల్లీమీటరు పక్కకు జరిగింది, అయినా బతికిపోయింది. మొన దగ్గర పట్టీని 3 మిల్లీమీటర్లకు కొట్టాను కాబట్టి అక్కడ ఉక్కు పొర 0.9 మాత్రమే. తప్పడానికి అవకాశం 0.45. అక్కడ జరిగింది 0.6.

సుత్తితో మొనను సన్నగా తీసిన ప్రతిసారీ, తప్పు చేయడానికి నాకున్న చోటును కూడా నేనే సన్నగా కొట్టుకున్నాను. ఒకే ఉక్కు కత్తిలో ఈ లెక్క లేదు, ఎటు కొట్టినా లోపల ఉన్నది అదే ఉక్కు. నా చేతి అలవాటంతా ఆ కత్తుల మీద ఏర్పడింది.

ఉక్కు పక్కకు ఎందుకు జరిగింది? రెండు కారణాలు దొరికాయి. దాగలి మీద ఆనిన ముఖం చల్లని ఇనుముకు వేడి ఇచ్చేస్తుంది, సుత్తి తగిలే ముఖం మెత్తగా ఉండి ఎక్కువ సాగుతుంది. ఒకే ముఖం మీద పది పన్నెండు దెబ్బలు వేసి తిప్పితే పై పొర పలచబడుతుంది. నేను వాలు దించేటప్పుడు కుడి చేతి వాటాన ఒక ముఖం మీదే ఎక్కువ కొట్టాను. రెండోది కొలిమి. మా గ్యాసు కొలిమిలో బర్నరు వైపు ముఖం ఎప్పుడూ ఎక్కువ కాలుతుంది, పట్టీని అదే వాటంలో పెడుతూ వచ్చాను. ఈ రెండు తప్పులూ ఒకే పక్కకు కలిశాయి.

మొన విషయంలో మూడో తప్పు కూడా ఉంది. పట్టీ చివరను సుత్తితో కోసుగా మూసుకుంటూ వస్తే పై ఇనుము ముందుకు పాకి ఉక్కును చేప నోరులా కప్పేస్తుంది. పట్టీ పక్కల అంచుల మీద కూడా ఇదే జరుగుతుంది. అందువల్ల పొరల పట్టీ అంచులను కనీసం మూడు మిల్లీమీటర్లు సాన మీద తీసేస్తే గానీ అసలు ఉక్కు బయటపడదు. నేను ఒక మిల్లీమీటరే తీశాను.

రెండో కత్తికి సుత్తిని ముందే ఆపాను. పట్టీని పిడి నుంచి మొన దాకా ఒకే మందానికి, ఏడున్నర మిల్లీమీటర్లకు, సాగగొట్టి వదిలేశాను. అక్కడ ఉక్కు పొర 2.2 మిల్లీమీటర్లు. ఆ తర్వాత సన్నదనమంతా సాన మీదే తీశాను. సాన ఇనుమును అరగదీస్తుంది గానీ లోపలి ఉక్కును పలచన చేయదు. మొన దగ్గర వెన్నును మూడున్నరకు తెచ్చినా లోపల ఉక్కు 2.2 గానే ఉంది. తప్పడానికి అవకాశం మొదటి కత్తి మొన దగ్గర 0.45 ఉన్నది, ఇప్పుడు 1.1 అయింది. దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా చెప్పాలి. మొన దగ్గర రెండు పక్కలా ఇనుము అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే మిగిలింది, కాబట్టి మొనతో డబ్బా మూతలు పెకలించకూడదు. ఈ మాట మాస్టారుకు రెండుసార్లు చెప్పాను.

కొట్టేటప్పుడు ఐదు దెబ్బలకు ఒకసారి పట్టీని తిప్పాం. నేను మరచిపోతే మా బావమరిది సమ్మెట ఆపి “బావా, తిప్పు” అనేవాడు. కొలిమిలో పెట్టిన ప్రతిసారీ ముఖం మార్చాను. పట్టీ చల్లబడ్డాక రెండు చివరలా అర అంగుళం చొప్పున కోసి, ఆ కోతలను ఆమ్లంలో ముంచి ఉక్కు ఎక్కడుందో కొలిచాను. ఒక చివర 0.1, మరొక చివర 0.2 మిల్లీమీటర్ల తేడా. అంచు చుట్టూ మూడు మిల్లీమీటర్లు తీసి మళ్లీ ఆమ్లం పూస్తే ఉక్కు నల్లని దారంలా పట్టీ చుట్టూ కనిపించింది. నడిమి గీత గీసేటప్పుడు పట్టీ మందాన్ని సగం చేయలేదు, ఆ నల్లని దారాన్ని సగం చేశాను. రెండు వాలులూ ఆ గీత దాకా సమానంగా దించాను. మొనను కొట్టలేదు, రంపంతో కోశాను.

ఈ ఒక్క అలవాటును మూడు పొరల కత్తి చేసే ప్రతివాళ్లూ చేసుకోవాలని నా కోరిక. పట్టీ చివర్లు కోసి ఆమ్లంలో చూడటానికి అరగంట పడుతుంది, ఖర్చు ఏమీ లేదు. లోపల ఏముందో తెలిసి సాన పట్టడం, తెలియక పట్టడం రెండూ వేర్వేరు పనులు.

కాచి ముంచి గట్టిపరచే పని తెలిసిన దారిలోనే సాగింది. ముందు మూడుసార్లు, ప్రతిసారీ కొంచెం తక్కువ వేడికి కాచి గాలిలో ఆరబెట్టాను. అతుకు వేడికి పెద్దదైన గింజ దీనితో చిన్నదవుతుంది. అంచును ఒక మిల్లీమీటరు మందాన వదిలేశాను, పలచగా ఉంటే నూనెలో అలలా వంకర్లు పోతుంది. ఆటోనగర్‌లో హీట్ ట్రీట్‌మెంట్ చేసేవారి దగ్గర, మంట నేరుగా తగలని మఫిల్ కొలిమిలో 830 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, 55 డిగ్రీలకు వెచ్చబెట్టిన వేరుశనగ నూనెలో ముంచాను. చల్లని నూనె చిక్కగా ఉండి కత్తి చుట్టూ తొందరగా కదలదు, వెచ్చనిదే వేడిని త్వరగా లాగుతుంది. ఈసారి వంపు అర మిల్లీమీటరు లోపే. తర్వాత పెళుసుదనం తగ్గడానికి 220 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు మగ్గించాను. కత్తితో పాటే కాచి ముంచిన ఈఎన్ 31 ముక్కను గట్టిదనం కొలిచే రాక్‌వెల్ యంత్రం మీద కొలిపిస్తే సి స్కేలులో 59 వచ్చింది. ముక్కనే ఎందుకు కొలవాలంటే, కత్తి చెంప మీద సూది దిగేది మెత్తని ఇనుములోకి, అక్కడ వచ్చే అంకెకు అర్థం లేదు.

ఆకురాయి ఈసారి పిడి నుంచి మొన కొస దాకా జారింది. ఆమ్లంలో ముంచి తీస్తే రెండు చెంపల మీదా నల్లని పట్టీ అంచు నుంచి 16 మిల్లీమీటర్ల ఎత్తున, రెండు వైపులా దాదాపు ఒకే తీరుగా పారింది. ఇనుమూ ఉక్కూ కలిసే గీత పక్కనే మసకగా ఇంకొక సన్నని చార ఉంది. అతుకు వేడిలో ఉక్కులోని కార్బన్ కొంత ఇనుములోకి పాకిన గుర్తు అది. మరీ ఎక్కువసేపు కాచితే ఆ చార వెడల్పై ఉక్కు బలహీనపడుతుంది. అందుకే మూడు కాపులతో ఆపాను.

పిడికి నల్ల తుమ్మ చేవ వాడాను. కొండపల్లి మనకు దగ్గర కాబట్టి కొందరు బొమ్మల చెక్క అడుగుతారు. ఆ తెల్ల పొణికి చెక్కడానికి వెన్నలాంటిది, దెబ్బ కాచే పిడికి పనికిరాదు. మా దగ్గర ఉన్నది పాత ఎద్దుబండి చక్రపు ఆకు. ఏళ్ల తరబడి ఎండి, ఇక వంగడం పగలడం అయిపోయిన చెక్క. అలుగు ఇనుమును పిడి చివరి దాకా పోనిచ్చి, బరువు తగ్గడానికి అందులో ఆరు రంధ్రాలు వేశాను. ఎపాక్సీ పూసి రెండు చెక్కలూ పెట్టి మూడు ఇత్తడి పిన్నులు దిగగొట్టాను. పైన అవిశె నూనె మూడు పూతలు. మొత్తం బరువు సుమారు 410 గ్రాములు. వేలి మీద నిలిపితే పిడికి సెంటీమీటరు ముందు సమంగా నిలుస్తుంది. నరకడానికి ఇంకొంచెం ముందు బరువు ఉంటే బాగుండేది. టమాటా కోసే చేతికి ఇదే హాయి.

ఇచ్చే ముందు మా పెరట్లో పరీక్షించాను. మణికట్టు లావు ఎండు తుమ్మ కొమ్మలు ఎనిమిదింటిని, అంచు ఆనించి వెన్ను మీద కర్రతో కొట్టి నిలువునా చీల్చాను. వాటిలో మూడింటికి ముడులు ఉన్నాయి. ఎండు వెదురు కణుపుల మీద ముప్పై దెబ్బలు వేశాను. తర్వాత సాన పట్టకుండానే టమాటా తొక్క మీద పెడితే బరువుకే దిగింది. అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పిడికి రెండు అంగుళాల దూరంలో ఒక్క చోట సన్నని మెరుపు కనిపించింది, అంటే అంచు ఆ మేరకు కొద్దిగా ఒరిగింది. తోలు మీద నాలుగుసార్లు లాగితే పోయింది. ఊడిన చోటు ఎక్కడా లేదు.

మాస్టారు కత్తి తీసుకుంటూ “తుప్పు పట్టదు కదా?” అని అడిగారు. పడుతుంది. ఉక్కులోని క్రోమియం తుప్పును ఆపడానికి చాలదు, పక్క ఇనుములో అదీ లేదు. నిమ్మకాయ, చింతపండు తగిలితే వెంటనే కడిగి తుడవాలి, రాత్రి కొబ్బరి నూనె చుక్క రాయాలి, తోలు ఒరలో తడి కత్తి పెట్టకూడదు. కత్తితో పాటు ఈ మాటలు కాగితం మీద రాసి ఇచ్చాను. మొదటి కత్తికి డబ్బు తీసుకోలేదు. దాని ముక్కలు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

జనవరి చివర్లో కత్తి సాన కోసం తిరిగి వచ్చింది. మూడు ప్రయాణాలు చేసింది. ఇనుము చెంపల మీద బూడిద నీలం మచ్చలు పడ్డాయి, ఒర నోటి దగ్గర గోరంత తుప్పు. అంచు మీద వెదురు నరికే చోట మెరుపులు రెండు, ఊడిన చోటు లేదు. మొన తిన్నగానే ఉంది. పక్కకు 20 డిగ్రీల చొప్పున వెయ్యి నంబరు నీటి రాయి మీద పావుగంట పట్టాను. మొన దగ్గర, మొదటి కత్తిలో ఆకురాయి కరిచిన ఆ అంగుళంన్నర మీద, రాయి మిగతా అంచు మీద ఎలా పలికిందో అలాగే పలికింది. మాస్టారు పక్కనే కూర్చుని ఆ చప్పుడు విన్నారు. మొదటి కత్తి మొన ముక్కను బల్ల సొరుగులోంచి తీసి, దాని కోతలో నల్లని గీత ఒక పక్కకు ఎలా ఒరిగిందో ఆయనకు చూపించాను.